డ్రైవర్స్ ఫోల్డర్ కింద ఏది ఎక్కడ ఉంటుంది

భవనాల్లోని ఏసీలు, ఫ్యాన్లు, పంపుల్ని నడిపే సాఫ్ట్‌వేర్ నయాగరా. దాని స్టేషన్‌లో (అందులో నడిచే ప్రోగ్రామ్) ఒక పాయింట్ (ఉష్ణోగ్రత లాంటి ఒక విలువ) పసుపు రంగులోకి మారగానే ఆ పాయింట్‌నే తెరిచి గెలకడం నాకు చాలాకాలం ఉన్న అలవాటు. పసుపు అంటే డౌన్, ఆ డౌన్ పాయింట్‌ది కాదు, పైన ఉన్న డివైస్‌ది, అంటే ఆ విలువని ఇచ్చే కంట్రోలర్‌ది. నెట్‌వర్క్ కింద ఉండే మానిటర్ ప్రతి డివైస్‌ని పింగ్ చేస్తుంటుంది, డిఫాల్ట్‌గా 5 నిమిషాలకోసారి. జవాబు రాకపోతే డివైస్ డౌన్, దాంతోపాటు దాని కింద ఉన్న పాయింట్లన్నీ డౌన్. కేబుల్ ఊడితే పాయింట్‌ని తిట్టి ఏం లాభం?

అమరిక పైనుంచి కిందకి ఇలా ఉంటుంది: డ్రైవర్స్ (ఒక్కో రకం డివైస్‌లతో మాట్లాడే భాగాల ఫోల్డర్), దాని కింద నెట్‌వర్క్, దాని కింద డివైస్, డివైస్‌లో పాయింట్స్ అనే ఎక్స్‌టెన్షన్, అందులో అసలు పాయింట్లు. డివైస్‌ని బట్టి షెడ్యూళ్లకి, అలారాలకి వేరే ఎక్స్‌టెన్షన్లు కూడా పక్కనే కనిపిస్తాయి. ఇక ప్రాక్సీ పాయింట్ (డివైస్‌లోని విలువకి స్టేషన్‌లో ప్రతినిధి) అంటే పెద్ద వింతేమీ కాదు, మామూలు పాయింటే. దేనికీ కనెక్ట్ కాకపోతే అందులో నల్ ప్రాక్సీ ఉంటుంది, డ్రైవర్ కింద పెడితే దాని స్థానంలో ఆ డ్రైవర్‌కి చెందిన ప్రాక్సీ ఎక్స్‌టెన్షన్ వస్తుంది. రిజిస్టర్ అడ్రస్, కన్వర్షన్ లాంటివన్నీ అందులోనే.

నెట్‌వర్క్ అనే మాట మాత్రం ప్రతి డ్రైవర్‌లో ఒకేలా ఉండదు. మోడ్‌బస్, బ్యాక్‌నెట్ అనేవి డివైస్‌లు మాట్లాడే రెండు భాషలు. మోడ్‌బస్ సీరియల్‌లో ఒక కామ్ పోర్ట్‌కి (సీరియల్ వైరు తగిలించే చోటు) ఒక నెట్‌వర్క్, రెండు ఆర్‌ఎస్-485 (సీరియల్ వైరు) లైన్లుంటే రెండు నెట్‌వర్క్‌లు పెట్టుకోవాలి. బ్యాక్‌నెట్‌లో స్టేషన్ మొత్తానికి నెట్‌వర్క్ ఒక్కటే, ఐపీ పోర్ట్, ఎంఎస్‌టీపీ (సీరియల్ వైరు మీద నడిచే బ్యాక్‌నెట్) పోర్టులు దాని లోపలి బ్యాక్‌నెట్ కామ్ కింద ఉంటాయి, ఒక్కోదానికి వేరే నెట్‌వర్క్ నంబర్ ఇవ్వాలి. మోడ్‌బస్ అలవాటుతో వచ్చినవాళ్లు రెండో లైన్ కోసం రెండో బ్యాక్‌నెట్ నెట్‌వర్క్ లాగి పడేస్తారు, తర్వాత అది ఎందుకు ఫాల్ట్‌లో ఉందని జుట్టు పీక్కుంటారు. నేనూ పీక్కున్నాను.

అన్నిటికంటే నన్ను ఎక్కువ ఏడిపించింది ట్యూనింగ్ పాలసీ, అంటే పాయింట్లని ఎప్పుడు చదవాలి, ఎప్పుడు రాయాలి అని చెప్పే నియమాల గుంపు. అది ఉండేది నెట్‌వర్క్ కింద, పాయింట్ దాని పేరు మాత్రమే చెబుతుంది, కాబట్టి పాలసీలో ఒక్క గడి మారిస్తే దాన్ని వాడుకుంటున్న ప్రతి పాయింటూ మారిపోతుంది. ఒకసారి గ్రాఫిక్స్‌లో నాలుగు విలువలు నెమ్మదిగా వస్తున్నాయని బ్యాక్‌నెట్ డిఫాల్ట్ పాలసీలో పోల్ ఫ్రీక్వెన్సీని (డివైస్‌ని ఎంత తరచుగా అడిగి విలువ చదవాలన్నది) నార్మల్ నుంచి ఫాస్ట్‌కి మార్చాను. వందల పాయింట్లు అదే పాలసీలో ఉన్నాయన్న సంగతి తట్టలేదు. ఫాస్ట్ అంటే 1 సెకను, నార్మల్ 5, స్లో 30 అనేవి మనం అడిగే రేట్లు, లైన్ అంత వేగంగా ఇవ్వగలదని హామీ కాదు. పోల్ సర్వీస్ తెరిచి ఫాస్ట్ సైకిల్ టైమ్ (ఫాస్ట్ పాయింట్లన్నీ ఒక చుట్టు చదవడానికి పట్టే సమయం) చూస్తే 1 సెకనుకి బదులు అర నిమిషం దాటి ఉంది, అంటే వేగం పెంచబోయి అందరినీ ఒకే క్యూలో నిలబెట్టాను. ఎంఎస్‌టీపీ లైన్‌లో టోకెన్ (మాట్లాడే వంతు) చేతికొచ్చినవాడే మాట్లాడాలి మరి.

స్లో అని ఇంకో పాలసీ చేసి సెట్‌పాయింట్లని (ఉండాల్సిన ఉష్ణోగ్రత లాంటి లక్ష్య విలువలు) అందులోకి తోశాక, ఫాస్ట్‌లో నిజంగా అవసరమైనవి పదీ పన్నెండే మిగిలాయి. గ్రాఫిక్ తెరిచినప్పుడు కొత్తగా కళ్లముందుకొచ్చే పాయింట్లని పోలర్ ఎలాగూ క్యూలో ముందుకి తెచ్చి ఒకసారి చదువుతుంది, కాబట్టి స్లోలో ఉన్నవి కూడా తెరవగానే కొత్త విలువే చూపిస్తాయి. ఇది ముందే తెలిసుంటే ఆ రోజు టెన్షన్ ఉండేదే కాదు.

అదే పాలసీలో రైట్ ఆన్ స్టార్ట్ అని ఇంకోటుంది, డిఫాల్ట్‌గా ఆన్. స్టేషన్ రీస్టార్ట్ అయిన ప్రతిసారీ రైటబుల్ పాయింట్లన్నీ (మనం విలువ పంపగలిగేవి) తమ విలువలు రాయడానికి ఒక్కసారిగా కంట్రోలర్ల మీద పడతాయి, లైన్ కాసేపు ఉక్కిరిబిక్కిరి అవుతుంది. ఫ్యాన్, పంప్ కమాండ్లకి దాన్ని ఆన్‌లోనే ఉంచుతాను. సెట్‌పాయింట్ల పాలసీలో మాత్రం ఆపేశాను.