పాత టోపోషీట్‌లో ముందు చదవాల్సింది అంచు

అమెరికాలోని యూటా కాన్యన్ (లోతైన రాతి లోయల) ప్రాంతానికి అక్కడి ప్రభుత్వ భూగర్భ సర్వే సంస్థ యూఎస్‌జీఎస్ 1950లలో వేసిన టోపోషీట్ (నేల ఎత్తుపల్లాలు చూపే పటం) తెరవగానే కళ్లు లోయల మీదికి పోతాయి. ముందు కింది అంచు చూడండి. విమానం నుంచి ఫొటోలు తీసిన ఏడాది, నేల మీద సరిచూసిన ఏడాది, అచ్చయిన ఏడాది వేరువేరుగా ఉండొచ్చు. పటం వయసు లెక్కపెట్టాల్సింది ఫొటోల నుంచే. ఊదారంగులో ఏమైనా ఉంటే అది తర్వాత ఫొటోలు చూసి చేర్చింది, చాలావరకు నేల మీద సరిచూడనిది.

తర్వాత స్కేలు, కాంటూరు అంతరం (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతల్లో పక్కపక్క రెండింటి నడుమ ఎత్తు తేడా). 1:62,500 షీట్‌లో అంతరం 80 అడుగులైతే, రెండు గీతల నడుమ 70 అడుగుల నిట్టనిలువు రాతి మెట్టు ఉన్నా పటం దాని ఊసెత్తదు. పది అడుగుల వెడల్పున్న ఇరుకు లోయ ఆ స్కేలులో 0.05 మిల్లీమీటరు, గీత మందమంత కూడా ఉండదు. గీతలు ఎడంగా ఉన్నాయని వాగు వెంట సులువుగా దిగిపోవచ్చనుకుంటే, తాడు లేకుండా మెట్టు అంచున నిలబడాల్సి వస్తుంది.

డేటమ్ (పటంలో స్థానాలను కొలవడానికి వాడే ఆధారం) దగ్గర చాలామంది బోల్తా పడతారు. ఈ షీట్లు ఎన్‌ఏడీ27 అనే పాత డేటమ్ మీద ఉంటాయి. వాటి యూటీఎం అంకెలను (మీటర్లలో స్థానం చెప్పే గ్రిడ్ అంకెలను) డబ్ల్యూజీఎస్84 అనే కొత్త డేటమ్‌లో ఉన్న జీపీఎస్‌కు ఎక్కిస్తే ఉత్తర-దక్షిణాలుగా దాదాపు 200 మీటర్లు తప్పుతుంది. కాన్యన్‌లో 200 మీటర్లంటే అవతలి గట్టే. జీపీఎస్‌లో డేటమ్ మార్చండి, లేదా యూఎస్‌జీఎస్ పాత పటాలు దొరికే వెబ్‌సైటు టోపోవ్యూలో జియోటిఫ్ (స్థాన వివరాలు కూడా ఉన్న పటం ఫైలు) దించుకోండి; ఆ లెక్క సాఫ్ట్‌వేరే చూసుకుంటుంది. అంచున వేసిన అయస్కాంత ఉత్తరం బాణాన్నీ నమ్మొద్దు: అప్పట్లో తూర్పుకు 15 డిగ్రీల దరిదాపున ఉన్నది ఇప్పుడు పదికి చేరింది.

మేత భూముల్లో నీళ్ల గుర్తుల కోసం వెతుకుతాం. మధ్యమధ్య చుక్కలున్న నీలిగీత ఏడాది పొడవునా పారని వాగు. ‘ట్యాంక్’ అని రాసి ఉంటే ఇనప తొట్టి అనుకోకండి. అమెరికా నైరుతిలో పశువుల కోసం మట్టికట్ట వేసిన కుంటకు అదే పేరు. అరవై డెబ్బై ఏళ్ల కిందటి ఊటబుగ్గ ఇప్పటికీ ఊరుతుందన్న భరోసా లేదు, నీళ్లు మోసుకెళ్లండి.

గ్లెన్ కాన్యన్ షీట్ల సంగతి వేరు. 1963లో ఆనకట్ట గేట్లు మూయకముందు వేసిన పటాల్లో మునగని లోయ అడుగు కనిపిస్తుంది. ఆ ఆనకట్ట వెనక 3,700 అడుగుల మట్టానికి నిండే పావెల్ సరస్సు 2023లో సుమారు 3,520కి దిగినప్పుడు ఆ గీతలు కొన్ని మళ్లీ పనికొచ్చాయి. అయితే పక్క లోయల అడుగున ఒండ్రు మేటవేసింది. అక్కడ పాత కాంటూరు చెప్పే ఎత్తు మట్టి కింద ఉంది.