డబ్బుతో మ్యాంటిల్ వస్తాడు, సెట్ రాదు

2022 ఆగస్టులో, అమెరికన్ కంపెనీ టాప్స్ 1952లో వేసిన బేస్‌బాల్ ఆటగాళ్ల బొమ్మ కార్డుల్లోని మికీ మ్యాంటిల్ కార్డు ఒక్కటే 1.26 కోట్ల డాలర్లకు పోయింది. జేబు బరువున్నవాళ్లకు అది ఒక్క పూట వేలంపాట. అదే సెట్‌లోని 407 కార్డులూ ఒక్కొక్కటిగా కూర్చేవాళ్లంటేనే నాకు గౌరవం. 310వ నంబరు కార్డు దాకా ఎలాగోలా లాక్కురావచ్చు. అసలు తిప్పలు 311 నుంచి. ఆ చివరి సిరీస్, అంటే చివరి విడత కార్డులు, బేస్‌బాల్ సీజన్ ముగిసే వేళకు వచ్చింది, అప్పటికి పిల్లల ధ్యాస అమెరికన్ ఫుట్‌బాల్ మీదికి మళ్లింది. మిగిలిన పెట్టెల్ని 1960 ప్రాంతంలో అట్లాంటిక్‌లో పారబోయించానని టాప్స్ ఉద్యోగి సై బెర్గరే చెప్పుకున్నాడు!

చిన్న బడ్జెట్ అయితే మూలలు అరిగినవి, మడత పడినవి కొనండి, తప్పేం లేదు. అంచు కత్తిరించినవి మాత్రం వద్దు. 1952 కార్డు కొలత 2⅝ × 3¾ అంగుళాలు. అదే ఏడాది చవక కార్డు పక్కన పెట్టి చూడండి. కాస్త పొట్టిగా ఉండి, అంచు మరీ కొత్త బ్లేడులా ఉంటే అనుమానించాల్సిందే. చీకట్లో యూవీ టార్చి వేయండి. నీలంగా మెరిస్తే అది కొత్త కాగితం. పది రెట్ల భూతద్దంలో బొమ్మ చుక్కలుగా కనిపించడం మామూలే, పేరులోని నల్ల అక్షరాలు కూడా చుక్కలైతే అది స్కాన్ చేసి అచ్చేసిన నకలు.

దాచడానికి పీవీసీ కవర్లు వద్దు, వాటిలోని మెత్తదనపు రసాయనం బయటికొచ్చి కార్డుకు అంటుకుంటుంది. పాలీప్రొపిలీన్ తీసుకోండి. సైజు చూసుకోండి, ఇప్పటి కార్డుల కవర్లో ఇవి పట్టవు, మూల విరుగుతుంది.