నా దగ్గరే ఉండిపోయిన బాతు

ఆంధ్ర విశ్వవిద్యాలయం ఇంజినీరింగ్ కాలేజీలో నేవల్ ఆర్కిటెక్చర్ సీటొచ్చిందంటే మా నాన్న నేవీ ఉద్యోగం అనుకుని సంబరపడ్డారు. కాదు, ఓడలు గీయడం నేర్పుతారని చెప్పాక కాసేపు ఏమీ అనలేదు. చివరికి "గీస్తే తేల్తాయేట్రా?" అన్నారు.

నాలుగేళ్ళలో నాకు గట్టిగా గుర్తున్నది ఆ గీయడమే. లైన్స్ ప్లాన్ అంటే ఓడ ఒంటి వంపుల్ని పక్క నుంచి, పై నుంచి, ముందూ వెనకల నుంచి ఒకే షీటు మీద చూపించాలి. ఒక బొమ్మలో గీత కాస్త జరిగిందా, మిగతా రెండింట్లోనూ జరిపి తీరాలి. స్ప్లైన్ అనే సన్నని బద్దని పాయింట్ల వెంట వంచి, అది ఎగిరిపోకుండా సీసపు బరువులు ఆనించేవాళ్ళం. ముందుకి వంగిన కొక్కెంతో అచ్చం బాతుల్లా ఉండేవి. వాటి పేరు కూడా డక్స్ అనే, మాకు మాత్రం బాతులే. క్లాసుకి సరిపడా ఎప్పుడూ ఉండేవి కావు. ముందొచ్చినవాడికి పది దొరికితే ఆఖరివాడికి మూడు. బాతుల కోసం టిఫిన్ మానేసి పరిగెత్తిన రోజులున్నాయి.

ఒకసారి నాకు ఒక స్టేషన్ దగ్గర, అంటే ఓడని అడ్డంగా కోసినట్టు చూపించే ఒక గీత దగ్గర, మూడు బొమ్మలూ కలవలేదు. తెల్లారితే సబ్మిషన్, ఒకటే టెన్షన్. గీత మార్చే ఓపిక లేక ఆఫ్‌సెట్ టేబుల్లో, అంటే ఆ వంపుల కొలతల పట్టికలో, అంకెలు మార్చేశాను. మర్నాడు మాస్టారు టేబుల్ జోలికే పోలేదు. ఒంగుని, ఒక కన్ను మూసి, వడ్రంగి చెక్క అంచు చూసినట్టు గీత వెంట చూశారు. సరిగ్గా అక్కడే గోరు పెట్టారు.

"ఇక్కడ ఓడకి వాపొచ్చింది. స్కేలెంత?"

"ఒకటికి వంద సార్."

"అర మిల్లీమీటరు తేడా అంటే ఓడ మీద ఎంత?"

"ఐదు సెంటీమీటర్లు సార్."

"షిప్‌యార్డులో మోల్డ్ లాఫ్ట్ అనే హాల్లో దీన్నే నేల మీద అసలు సైజులో గీస్తారు. అప్పుడు వాళ్ళు నిన్నేమంటారో నేను చెప్పకూడదు."

షీటు చింపేసినా బాగుండేది. చింపలేదు, చెరిపి గీయమన్నారు. మూడు రాత్రులు పట్టింది.

వంపు గీతల కింది వైశాల్యం లెక్కగట్టే సింప్సన్ సూత్రం, ఒకటి-నాలుగు-రెండు-నాలుగు, నిద్రలో లేపి అడిగినా చెప్పేవాళ్ళం. దాని గురించి అంతకంటే చెప్పడానికేం లేదు.

షిప్‌యార్డు చూడ్డానికి సింధియా బస్సెక్కాం. 1941లో వాల్‌చంద్ హీరాచంద్ గారి సింధియా కంపెనీ మొదలుపెట్టిన యార్డు అది. మరుసటేడు ఏప్రిల్‌లో విశాఖ మీద జపాన్ బాంబులు పడ్డాయి. అయినా 1948 మార్చి 14న నెహ్రూ చేతుల మీదుగా 'జల ఉష' అనే ఓడ నీళ్ళలోకి జారింది. 1952లో పేరు హిందుస్థాన్ షిప్‌యార్డ్ అయింది కానీ, ఊరు మాత్రం ఇప్పటికీ సింధియా అనే అంటుంది.

ఓడని కట్టి నీళ్ళలోకి జార్చే వాలు, స్లిప్‌వే మీద ఓడ కింద నిలబడితే ఆకాశం కనపడలేదు. అందరూ ప్రొపెల్లర్ వైపు పోతే నేను ముందు భాగపు ప్లేటుని అరచేత్తో రాస్తూ ఉండిపోయాను, వాపేమైనా తగులుతుందేమోనని. పక్కనున్న వెల్డరు చూసి నవ్వాడు.

"ఏటి బాబూ, సంతలో ఎద్దుని తడిమినట్టు తడుముతున్నావ్?"

ఏ వాపూ తగల్లేదు.

ఇప్పుడు ఆ వంపులన్నీ సాఫ్ట్‌వేరే సరిచేస్తుంది. అయినా నేను స్క్రీన్ పక్కకి ఒరిగి, ఒక కన్ను మూసి చూస్తాను. మా జూనియర్లకి అదో వినోదం. వాళ్ళకి వినోదమైన ఇంకో వస్తువు నా టేబుల్ మీదుంది, కాగితాలు ఎగరకుండా. కాలేజీ ఆఖరి రోజున, గీతలు గీసే డ్రాఫ్టర్ సంచీలో పొరపాటున వచ్చేసిన బాతు. పొరపాటున అనే రాస్తున్నాను. స్టాక్ రిజిస్టర్‌లో ఆ ఒకటీ ఎవరి మీద పడిందో, పాపం.

ఈసారి మా కాలేజీ పాత విద్యార్థుల కలయికకి దాన్ని పట్టుకొస్తున్నాను. సీసం కదా, ఎయిర్‌పోర్టు ఎక్స్‌రేలో నల్లటి ముద్దలా కనపడుతుంది. ఏంటిదని అడిగితే బాతండీ, కాలేజీది, తిరిగిచ్చేస్తున్నాను అని చెప్పాలి.