వానాకాలం వరా, యాసంగి వరా: బస్తాల లెక్క ఒక్కటే చాలదు

యాసంగిలో నాలుగు బస్తాలు ఎక్కువ పండితే లాభం కూడా అందులోనే ఎక్కువని తేల్చేస్తుంటారు. ఎక్కువ పండే మాట నిజమే. మొక్కలో కంకి అంకురించే దశ నుంచి కోత దాకా ఉండే రెండు నెలల్లో కాసే ఎండే గింజను నింపుతుంది. వానాకాలంలో ఆ రోజుల్లో చాలా భాగం మబ్బులకే పోతుంది. ఎండ ఉంటే వేసిన యూరియా గింజగా మారుతుంది. మబ్బుల్లో అదే మోతాదు వేస్తే ఆకు ఏపుగా పెరిగి పొడ తెగులు, ఎండాకు తెగులు, సుడిదోమ పట్టి, చివరికి చేను పడిపోతుంది. రెండు పంటకాలాలకూ ఒకే ఎరువుల లెక్క వేసుకుని పోల్చడం అందుకే తప్పు.

యాసంగిలో అసలు ఖర్చు నీళ్లది. దమ్ముతో (నాటుకు ముందు నీరు పెట్టి బురదగా దున్నడంతో) కలిపి 1,200 మిల్లీమీటర్లు పడుతుందనుకుందాం. ఎకరాకు ఒక మిల్లీమీటరు అంటే 4,047 లీటర్లు. మొత్తం దాదాపు 4,860 ఘనపు మీటర్లు. సెకనుకు 10 లీటర్లు పోసే మోటారు 135 గంటలు నడవాలి. మీ మోటారు ఎంత పోస్తుందో తెలియకపోతే 200 లీటర్ల డ్రమ్ము పెట్టి చూడండి. 20 సెకన్లలో నిండితే పై లెక్కే, 40 పడితే 270 గంటలు. ఇసుక నేలైతే ఇది కూడా చాలదు. చిల్లుల గొట్టం పాతి, నీటి మట్టం నేలకు 15 సెంటీమీటర్ల కిందికి దిగాకే మళ్లీ తడి ఇస్తే 15 నుంచి 30 శాతం నీరు మిగులుతుంది. పూత మీద మాత్రం ఈ ఆరుతడి వద్దు.

రెండో చిక్కు చలి. నారుమడి చలికి చిక్కితే నారు ఎదగక ఎర్రబడుతుంది. సాయంత్రం మడిలో నీరు తీసేసి పొద్దున్నే కొత్త నీరు పెట్టాలి. జింకు లోపం కనిపిస్తే లీటరుకు 2 గ్రాముల జింక్ సల్ఫేట్ పిచికారీ చేయాలి. ఇక్కడ పోగొట్టుకున్న పది రోజులు పూత దగ్గర బయటపడతాయి: పగటి వేడి 35 డిగ్రీలు దాటితే పుప్పొడి చెడి తాలు పెరుగుతుంది. కాబట్టి ఆలస్యంగా వేసే నాటుకు దీర్ఘకాలిక రకం పెట్టడం డబ్బు పారేసుకోవడమే.

ఆ తర్వాత మిల్లు. పొడి వేడిలో గింజ లోపల పగుళ్లు పడి, పచ్చి బియ్యం ఆడిస్తే నూక ఎక్కువవుతుంది. తేమ 20–24 శాతం ఉండగానే కోసి, పలచగా కాకుండా కాస్త మందంగా పోసి తిప్పుతూ నిదానంగా ఆరబెట్టాలి. ఉప్పుడు బియ్యానికైతే ఉడికించేటప్పుడు పగుళ్లు అతుక్కుంటాయి కనుక ఈ బాధ తక్కువ.

వానాకాలం నష్టం వేరే రూపంలో వస్తుంది. 22 శాతం తేమతో ఉన్న 100 కిలోల వడ్లు 14 శాతానికి ఆరితే మిగిలేది 90.7 కిలోలు. యాసంగి వేడికి 17 శాతానికి దిగినవైతే 96.5. అంటే కళ్లంలో కాటా మీద తూచిన బస్తాలను అలాగే పక్కపక్కన పెట్టకండి, రెండింటినీ 14 శాతానికి మార్చాకే పోల్చండి. కోత మీద వాన పడితే రంగు మారడం, కంకి మీదే మొలకెత్తడం అదనం. గడ్డి కూడా కుళ్లుతుంది. పశువులున్నవాళ్లు దాని విలువనూ కలపాలి.

ఖర్చులు పోగా మిగిలినదాన్ని ఎకరాలతో భాగించి చూడండి, అదే మొత్తాన్ని విడిగా వాడిన నీటి ఘనపు మీటర్లతోనూ భాగించండి. బోరు కింద సాగుకు రెండో అంకే ముఖ్యం. అది మరీ తక్కువైతే యాసంగిలో సగం పొలం వరికి, సగం తక్కువ నీటితో పండే ఆరుతడి పంటకు ఇచ్చి మళ్లీ లెక్క వేయండి.