సిలికాన్‌కి కళాయి

వేడి కాస్టిక్ పొటాష్ (పొటాషియం హైడ్రాక్సైడ్) నీళ్ళలో ఉత్త సిలికాన్ ముక్క వేస్తే బుడగలొస్తాయి. బరంపురంలో మా మేడ మీద ప్లస్ టూ పిల్లలకి కెమిస్ట్రీ చెబుతూ ఈ సంగతి ఎత్తితే ఎవరో ఒకరు అంటారు, "హైడ్రోజనే కదా సార్, ఇంధనం వచ్చేసినట్టేగా!" హైడ్రోజనే. కాకపోతే మనం కోరుకునేలా ఎండ నీటిని విడగొట్టగా వచ్చింది కాదు, సిలికాన్ కరిగిపోతూ వదిలింది. గాఢ ద్రావణం 80 డిగ్రీల వేడి మీద ఉంటే నిమిషానికి ఇంచుమించు ఒక మైక్రాన్ తినేస్తుంది. సోలార్ సెల్‌లో వాడే వేఫర్ (పల్చటి సిలికాన్ పలక) మందం 200 మైక్రాన్లు కూడా ఉండదు.

ఎమ్మెస్సీ అయ్యాక కొన్నాళ్ళు ఒక ల్యాబులో, ఎండ తగిలిన సిలికాన్‌తో నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడగొట్టే పని చేశాను. ఎండతో నీటిని విడగొట్టడం అనగానే అందరూ ఎండని పట్టడం గురించే మాట్లాడతారు. అది ఎప్పుడో తేలిపోయింది. సిలికాన్‌ని నీళ్ళలో బతికించడమే అసలు తలనొప్పి.

1972లో ఫుజిషిమా, హోండా అనే జపాన్ శాస్త్రవేత్తలు టైటానియం డయాక్సైడ్ మీద వెలుతురు వేసి నీటిని విడగొట్టి చూపారు. ఆ ఆక్సైడ్ నీళ్ళలో చెక్కుచెదరదు. కానీ దాని బ్యాండ్ గ్యాప్, అంటే అందులో ఎలక్ట్రాన్‌ని లేపడానికి వెలుతురుకి ఉండాల్సిన కనీస శక్తి, 3 ఎలక్ట్రాన్ వోల్టుల పైమాటే. అతినీలలోహిత కిరణాలు తప్ప ఇంకేమీ దానికి ఆనవు, ఎండలో వాటి వాటా నూటికి ఐదు వంతులు కూడా ఉండదు. సిలికాన్‌ది 1.12 మాత్రమే, కనబడే వెలుతురంతా మింగేస్తుంది. మరి దీని మీద దాన్ని పూస్తే?

ఇత్తడి గిన్నెకి కళాయి వేసినట్టే. కళాయి పులుపుని ఆపుతుంది గానీ వేడిని ఆపదు. ఇక్కడి పూత నీటిని ఆపాలి, వెలుతురునీ చార్జీనీ (విద్యుదావేశాన్నీ) మాత్రం పోనివ్వాలి. సిలికాన్ తనంతట తాను వేసుకునే పూత ఈ రెండో పని చెయ్యదు. ఫోటోఆనోడ్‌లో (వెలుతురు పడి ఆక్సిజన్ తీసే ఎలక్ట్రోడ్‌లో) పుట్టిన హోల్స్, అంటే ఎలక్ట్రాన్లు లేచిపోయాక మిగిలే ధనావేశపు ఖాళీలు, నీటి నుంచి ఆక్సిజన్ తియ్యాల్సింది పోయి, పక్కనే ఉన్న సిలికాన్‌ని ఆక్సీకరిస్తాయి. అలా ఏర్పడే సిలికా ఇన్సులేటర్. నాలుగైదు నానోమీటర్లు పేరుకుందంటే కరెంటు పడిపోతుంది.

2011లో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు సిలికాన్ మీద 2 నానోమీటర్ల టైటానియా (టైటానియం డయాక్సైడ్) వేసి, పైన ఉత్ప్రేరకంగా ఇరిడియం పెట్టారు. అంత పల్చటి పొరని ఎలక్ట్రాన్లు టన్నెలింగ్‌తో (గోడ ఎక్కకుండా అందులోంచే దూరిపోయే క్వాంటమ్ పద్ధతి) దాటేస్తాయి. అయితే అంత పల్చగా వేసి ఎక్కడా సూదిబెజ్జం లేదని ఎవరు హామీ ఇస్తారు? 2014లో కాల్‌టెక్ బృందం మందంగా వేసింది, 4 నుంచి 143 నానోమీటర్ల దాకా. పాఠ్యపుస్తకం ప్రకారం అది కుదరకూడదు. టైటానియా వేలెన్స్ బ్యాండ్ (హోల్స్ నడిచే శక్తి మెట్టు) సిలికాన్‌దాని కన్నా బాగా కిందుంటుంది, హోల్స్‌కి అది గోడ. కానీ వాళ్ళ పొర స్ఫటికం కాదు, అమార్ఫస్, అంటే అణువుల అమరికకి క్రమం లేనిది. దాని గ్యాప్ మధ్యలో ఉన్న స్థితుల గుండా చార్జీ కారిపోయింది. పైన నికెల్ పెడితే, ఒక మోలార్ కాస్టిక్ పొటాష్‌లో చదరపు సెంటీమీటరుకి 30 మిల్లీయాంప్స్ పైగా ఇస్తూ 100 గంటలు దాటి నిలబడింది. ట్రాన్సిస్టర్ వాళ్ళు లోపం అని తిట్టే లీకేజీయే ఇక్కడ పని చేసిపెట్టింది. నాకు ఈ రంగంలో అన్నిటికన్నా నచ్చిన సంగతి ఇదే.

ఆ పొర వేసే పద్ధతి అటామిక్ లేయర్ డిపోజిషన్. టైటానియం సమ్మేళనం ఆవిరి ఒక విడత, నైట్రోజన్‌తో కడగడం, నీటి ఆవిరి ఒక విడత, మళ్ళీ కడగడం. ఒక్కో చుట్టుకి పెరిగేది దాదాపు అర ఆంగ్‌స్ట్రామ్ (ఆంగ్‌స్ట్రామ్ అంటే నానోమీటరులో పదో వంతు). 100 నానోమీటర్లు కావాలంటే సుమారు 2000 చుట్లు. ఓపిక మనది కాదు, మెషీన్‌ది. (టైటానియానికి మాకు కొరత లేదు. పక్కనే ఛత్రపురం ఇసుకలో ఇల్మెనైట్, రూటైల్ తీస్తారు, రూటైల్ అంటే టైటానియం డయాక్సైడే. కరువల్లా మెషీన్లకి.)

మా బావమరిది రాయగడలో సోలార్ పంపులు బిగిస్తాడు. ఇదంతా విని, "ఏటి బావా, ప్యానెల్ని నీళ్ళలో ముంచడం ఎందుకు? మేడ మీదెట్టి కిందకి వైరు లాగితే అవదా?" అన్నాడు. ఇవాళ్టికి వాడిదే రైటు. పైగా ఒక్క సిలికాన్ జంక్షన్ (ఒక సెల్) ఇచ్చేది 0.6, 0.7 వోల్టులు. నీటికి తక్కువలో తక్కువ 1.23 కావాలి, ఆచరణలో ఒకటిన్నర దాటుతుంది. అంటే సిలికాన్ పైన ఇంకో పదార్థాన్ని జత చెయ్యాలి, దానికీ పూత కావాలి. అన్నీ ఒకే పలకలో ఇమిడితే వైర్లూ ఇన్వర్టర్లూ తగ్గుతాయన్నది మా వైపు వాదన.

"గ్యారంటీ ఎన్నేళ్ళు?" అన్నాడు. వాడమ్మే ప్యానెళ్ళకి 25 ఏళ్ళు రాసిస్తారు. నేను 100 గంటలు అన్నాను. నవ్వాడు.

వాడికి చెప్పనిది ఇంకొకటుంది. ఆ గంటలు దీపం ఆర్పకుండా నడిపినవి. అసలు బయట పెడితే రాత్రవుతుంది. పూతలో ఒక్క బెజ్జముంటే చాలు, వెలుతురు లేనప్పుడు కాస్టిక్ అందులోంచి దిగి సిలికాన్‌ని తొలుస్తుంది. స్ఫటికంలో (111) అని పిలిచే ముఖాలు అన్నిటికన్నా నెమ్మదిగా కరుగుతాయి కాబట్టి, (100) ముఖం పైకి ఉండేలా కోసిన వేఫర్‌లో గుంతలు తలకిందులైన పిరమిడ్‌లా పడతాయి. మైక్రోస్కోపులో చూస్తే ఎవరో ఉలితో చెక్కినట్టుంటుంది. ముక్క పెద్దదయ్యేకొద్దీ ఒక దుమ్ము కణం కింద బెజ్జం మిగిలే అవకాశమూ పెరుగుతుంది. అందుకే కొత్త పరిశోధన పేపరు చేతికొస్తే నేను ముందు ఎఫిషియెన్సీ అంకె చూడను. దీపం ఆర్పి మళ్ళీ వెలిగించి పరీక్షించారా, ఎలక్ట్రోడ్ వైశాల్యం ఎంత అని వెతుకుతాను. చాలాసార్లు వైశాల్యం ఒక చదరపు సెంటీమీటరు లోపే.