నొప్పి వాళ్లది, చెప్పేది సర్దార్

మాది సంగారెడ్డి వైపు. మెడికల్ షాపు నడుపుతాను. చుట్టూ ఇటుక బట్టీలు, కాబట్టి చలికాలం మొదలైనప్పటి నుంచి వానలు పడేదాకా నా గిరాకీలో చాలావరకు ఒడిశా వాళ్లే. బలంగీర్, నువాపడా, కలహండి జిల్లాల నుంచి వస్తారు. మొగుడూ పెళ్లామూ ఇంకో మనిషీ కలిసి ఒక జట్టు, ఇల్లు కదిలే ముందే అడ్వాన్సు తీసుకుని ఉంటారు, అది తీరేదాకా ఇటుకలు కొయ్యాల్సిందే.

వీళ్ల వైద్యం సంగతి ఎత్తితే ఎవరైనా అనే మాట ఒకటే: "భాష రాదు కదా, ఏం చేస్తాం?" రాని మాట నిజమే, పైగా వాళ్లు మాట్లాడే సంబల్‌పురి కటక్ వైపు ఒడియాకు కూడా కొంచెం దూరం. నాకు మాత్రం అంతకంటే ఎక్కువ టెన్షన్ పెట్టేది వాళ్ల తరఫున మాట్లాడే మనిషి. దవాఖానాకైనా నా షాపుకైనా వెంట వచ్చేది సర్దార్. అడ్వాన్సు ఇప్పించి తెచ్చింది ఆయనే, రోజుకు ఎన్ని ఇటుకలయ్యాయో లెక్క రాసేదీ ఆయనే. రోగి నాలుగు నిమిషాలు చెప్పింది ఆయన నోట్లో నాలుగు మాటలవుతుంది, ఆ నాలుగూ రేపు పొద్దున మళ్లీ పనిలోకి దిగేటట్టే ఉంటాయి. అందరు సర్దార్లూ దుర్మార్గులని అనను, జేబులోంచి డబ్బు తీసి మందులు కొనిచ్చినవాళ్లనూ చూశాను. కానీ రోగికీ డాక్టరుకీ మధ్య నిలబడాల్సిన మనిషి అప్పు వసూలు చేసేవాడై ఉండకూడదు కదా.

ఒక ఎండాకాలం ఇరవై ఏళ్లు కూడా నిండని కుర్రాడిని సర్దార్ బండి మీద తెచ్చి, ఒళ్లు నొప్పులకు గట్టి గోలీ ఏదైనా ఇవ్వమన్నాడు. పిల్లాడేమో మోకాళ్లు పట్టుకుని మెట్ల మీదే కూలబడ్డాడు, కళ్లు పచ్చబడి ఉన్నాయి. నాకొచ్చిన సగం హిందీలో నేరుగా అతన్నే అడిగితే "సిక్లింగ్" అన్నాడు. చిన్నప్పటి నుంచీ సికిల్ సెల్ అనే రక్తం జబ్బు ఉందట, ఊళ్లో సర్కారు ఆసుపత్రిలో హైడ్రాక్సీయూరియా గోలీలు ఉచితంగా ఇచ్చేవారట, ఇక్కడికొచ్చాక అవి అయిపోయాయి. అంతకుముందు ఒక ఆర్‌ఎంపీ దగ్గర నొప్పి సూది వేయించి మళ్లీ మట్టి తొక్కించారు.

పశ్చిమ ఒడిశాలో ఈ జబ్బు బాగా ఎక్కువ. ఒంట్లో నీరు తగ్గినా, అలసట హద్దు దాటినా ఎర్రకణాలు కొడవలి ఆకారానికి తిరిగి సన్నటి నాళాల్లో ఇరుక్కుంటాయి, అప్పుడొచ్చే నొప్పి మామూలు నొప్పి కాదు. బట్టీ పనిలో అలసటకూ ఎండకూ కొదవేముంది? ఆ కుర్రాడికి వెంటనే కావాల్సింది సెలైను, దవాఖానాలో మంచం. కేంద్రం 2023 జులైలో సికిల్ సెల్ మిషన్ మొదలుపెట్టింది, పరీక్షలు చేసి కార్డులు ఇస్తున్నారు, మంచిదే. కానీ ఆ కార్డు ఊళ్లో ట్రంకుపెట్టెలో ఉంటుంది, మనిషి బట్టీలో ఉంటాడు. ఓపీలో వంద మందిని చూసే డాక్టరుకు "ఒళ్లు నొప్పులు, సార్" అని చెబితే ఆయనకు మాత్రం ఎక్కడ తడుతుంది?

ఆడవాళ్ల సంగతి ఇంకా కష్టం. నెల తప్పిందనీ, రక్తం పోతోందనీ ఒక ఆడమనిషి సర్దార్ ముందు చెబుతుందా? ఇంకోటి, వీళ్లలో చాలామంది గుడాఖు వాడతారు, పొగాకూ బెల్లమూ కలిపిన ముద్ద, పళ్లకూ చిగుళ్లకూ రుద్దుకుంటారు, కడుపుతో ఉన్నా మానరు. మన దగ్గర బీడీ, సిగరెట్, మందు అలవాటుందా అని అడుగుతారు, ఆమె లేదంటుంది, నిజమే చెప్పింది కూడా. గుడాఖు అనేదొకటి ఉందని తెలిసిన నర్సు మాత్రమే అడగాల్సిన ప్రశ్న అడగగలదు.

డబ్బు విషయానికొస్తే, ఇక్కడి రేషన్ కార్డు లేదు కాబట్టి ఆరోగ్యశ్రీ వర్తించదు. ఒడిశా చాలాకాలం తన సొంత పథకమే నడిపి, 2025లోనే ఆయుష్మాన్ భారత్‌లో చేరింది. దాంతో రాష్ట్రం దాటినా పనిచేసే కార్డు వీళ్లకూ వచ్చింది. అది ఇక్కడ ఏ ఆసుపత్రిలో చెల్లుతుందో మళ్లీ ఎవరో ఒకరు వాళ్ల భాషలో చెప్పాలి. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టమైతే, 2025 నవంబరులో రద్దయ్యేదాకా, వైద్యం కాంట్రాక్టరే ఉచితంగా చూపించాలనేది. ఆ మాట బట్టీ ఓనరుతో అంటే నవ్వేవాడు.

చేయాలనుకుంటే చేయలేనిదేం కాదు. పల్స్ పోలియో రోజుల్లో బట్టీలు, నిర్మాణ స్థలాలు అన్నీ లిస్టులో పెట్టుకుని మరీ వెళ్లి పిల్లలకు చుక్కలు వేశారు. బట్టీల దగ్గర ఒడియా పిల్లలకని బడులు తెరిచి, ఒడిశా నుంచి పుస్తకాలూ టీచర్లనూ తెప్పించారు. పిల్లాడికి వాళ్ల భాషలో అక్షరాలు నేర్పడానికి మనిషి దొరికినప్పుడు, వాడి తల్లికి గర్భంతో ఉండగా ఏం తినాలో చెప్పే మనిషి దొరకదా? డల్లాస్‌లో కొడుకు దగ్గరికెళ్లిన మన అమ్మలకు అక్కడి ఆసుపత్రిలో ఫోన్లోనో స్క్రీన్ మీదో తెలుగులో మాట్లాడే ఇంటర్‌ప్రెటర్‌ని ఇస్తారు, డబ్బు తీసుకోరు. ఫెడరల్ నిధులు తీసుకునే ఆసుపత్రులు అలా ఇవ్వాలని అక్కడ చట్టం, పిల్లల చేత ఆ పని చేయించకూడదని నిబంధన. అంత పెద్ద వ్యవస్థ వద్దు మనకు. జిల్లాకు ఇద్దరు ముగ్గురు, అందులో ఒకరు తప్పకుండా ఆడమనిషి, సీజన్ ఉన్నన్నాళ్లు జీతం మీద ఫోన్ దగ్గర కూర్చుంటే చాలు. డాక్టరు స్పీకర్ ఆన్ చేస్తాడు, సర్దార్ బయట కూర్చుంటాడు.

నా వరకు నేను గోలీల కవర్ మీద సూర్యుడు, చంద్రుడు బొమ్మలేసి ఇస్తున్నాను. సర్దార్‌ని కాసేపు టీ తాగి రమ్మంటాను, కొందరు వెళ్తారు, కొందరు వెళ్లరు. బట్టీ బడిలో చదువు చెప్పే ఒక ఒడియా అమ్మాయి, ఆడవాళ్లకు అవసరమైతే ఫోన్లో మాట్లాడతానంది, పీహెచ్‌సీ డాక్టరమ్మ కూడా సరే అంది. కానీ ఆ అమ్మాయికి ఆ పనికి ఎవరు డబ్బివ్వాలన్నది తేలలేదు. ఊరికే చేయమనడం నాకిష్టం లేదు.