ఈ వారం గంగవాయిలి కూర

సంచి విప్పగానే వంటగదంతా పచ్చి మట్టి వాసన. మేం పంటలో వాటా తీసుకున్న చేవెళ్ల పొలం నుంచి ఈ వారం మా వంతుకి గంగవాయిలి కూర, బీరకాయలు, ఒక సొరకాయ వచ్చాయి. ఆకుకూర వేళ్లకి ఎర్రమట్టి ఇంకా తడిగానే ఉంది. కాడ తుంచితే టక్కున విరిగింది.

"మా దిక్కు ఇది చేను గట్ల మీద దానంతటదే మొలుస్తది బిడ్డా" అంటూ అత్తమ్మ పెసరపప్పులో వేసి వండింది. కూరలోనే పులుపు ఉంది కాబట్టి చింతపండు కొంచెమే పట్టింది. పైగా ఒమేగా-3 అనే మంచి కొవ్వు ఉండే ఆకుకూర ఇది. ఇన్నాళ్లూ మార్కెట్లో దాన్ని దాటుకుని పోయేవాళ్లం.

ఈ వాటా పద్ధతిలో సీజన్ మొదట్లోనే రైతుకి డబ్బు కట్టేస్తాం, పండింది పంచుకుంటాం. వానలు గట్టిగా పడితే టమాటా రాదు, నష్టంలోనూ మనకి వాటా ఉంటుంది. అది న్యాయమే అనిపిస్తుంది నాకు.

రేపు బీరపొట్టు పచ్చడి. మా వాడు ఇప్పటికే అడిగేశాడు.